పోస్టర్ బాబుకి పదహారేళ్ళు

గిలక్కాయల టీచర్‌కి పిల్లల్లేరు. పిల్లల్ని ఎలా పెంచాలో మాత్రం చుట్టుపక్కల వీధులన్నిటికీ ఆవిడే నేర్పింది. ఇందులో వింతేమీ లేదు. సొంత పిల్లలుంటే అంత నమ్మకంగా మాట్లాడటం ఎవరి తరమూ కాదు.

భుజానికి పెద్ద గుడ్డసంచీ తగిలించుకుని, పసిబిడ్డలున్న ఇళ్ళకి వారానికోసారి వెళ్ళడం ఆవిడ ఉద్యోగం. సంచీలో గిలక్కాయలు, గుడ్డబొమ్మలు, రంగు చెక్కముక్కలు ఉంటాయి. వెళ్ళీ వెళ్ళగానే చాప మీద చతికిలబడి, బిడ్డని ఒళ్ళోకి తీసుకుని, వీడితో రోజూ మాట్లాడుతున్నావా అని తల్లిని అడుగుతుంది. కొత్తలో అత్తగార్లు మూతి తిప్పుకున్నారు. నెలల పిల్లాడితో మాట్లాడ్డానికి ఏముంటుంది, కూరగాయల ధరలా అని ఒకావిడ అడిగింది కూడా. అడిగిన ఆవిడే ఏడాది తిరక్కుండా, మనవడు పళ్ళెం మీద గరిటెతో మోత మోగిస్తుంటే, మెదడు పెరుగుతోంది, ఎవరూ అడ్డం వెళ్ళకండి అని ఇంటిల్లిపాదినీ కసరడం మొదలుపెట్టింది. ఆ వీధుల్లో మధ్యాహ్నం కునుకు తీసే అలవాటున్న మగవాళ్ళు గిలక్కాయల టీచర్ని ఎంతగా తిట్టుకున్నారో లెక్కలేదు.

ఆవిణ్ణి పంపించేది పసిబిడ్డల కేంద్రం. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే ఆ కుటుంబానికి చేయూతనిస్తే, రేపు మీసాలొచ్చే వయసులో ఆ బిడ్డ మనసు పాడుచేసుకోడు, మత్తు జోలికి పోడు అన్నది కేంద్రం వారి సిద్ధాంతం. సిద్ధాంతం మంచిదే. ఆవిడ వెళ్ళిన ఇళ్ళల్లో చాలావాటిలో అది నిజమైంది కూడా. చెయ్యెత్తే తండ్రులు చెయ్యి దించారు. తమకేం కావాలో పిల్లలు నోరు విప్పి చెప్పడం నేర్చుకున్నారు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ సిద్ధాంతం అన్నాక గోడకి తగిలించడానికి ఓ ఫొటో కావాలి కదా.

ఆ ఫొటో ఇస్త్రీ కొట్టు అమ్మాయి ఇంట్లో దొరికింది. వీధి మలుపులో, ముందు ఇస్త్రీ బల్ల, వెనక ఒకే గది, అదీ ఇల్లు. మొగుడు లారీ డ్రైవరు. లారీతో పాటు వెళ్తాడు, లారీతో పాటే వస్తాడు. లారీకి జరిగే సర్వీసింగులో సగం కూడా సంసారానికి జరిగేది కాదు. బాబుకి ఏడో నెల. బూరెల్లాంటి బుగ్గలు, రెండే రెండు పళ్ళు. ఫొటోగ్రాఫర్ వెనక నిలబడి గిలక్కాయ ఆడించింది మన టీచరే. బాబు విరగబడి నవ్వాడు. తల్లి నవ్వడానికి కాస్త టైము పట్టింది. "నవ్వమ్మా, నీకేం తక్కువైంది" అని టీచర్ రెండుసార్లు అనాల్సొచ్చింది. మూడోసారికి నవ్వింది.

అంతే, ఆ పోస్టర్ ఎక్కని గోడ లేదు. ఆస్పత్రుల్లో, స్కూళ్ళలో, బస్టాండుల్లో అదే. ఓ మంగలి షాపులో కూడా కనిపించేది. అక్కడికెలా వెళ్ళిందో దేవుడికే తెలియాలి. బాబు అసలు పేరు స్కూలు రిజిస్టర్లో తప్ప ఎక్కడా బతకలేదు. ఊరందరికీ వాడు పోస్టర్ బాబు.

ఇక కేంద్రానికి ఏ అతిథి వచ్చినా దారి అటే. కార్లు ఇస్త్రీ కొట్టు ముందు ఆగేవి. అతిథులు చెప్పులు విప్పి, తలవంచి ఆ ఒక్క గదిలోకి వెళ్ళి, అబ్బ ఎంత ముచ్చటగా ఉందో అనేవాళ్ళు. రెండేళ్ళప్పుడు బాబు వాళ్ళ ముందు చెక్కముక్కలు పేర్చాడు. నాలుగేళ్ళప్పుడు మొహాల అట్టలు వచ్చాయి. ఒక అట్ట మీద నవ్వు మొహం, ఒకదాని మీద ఏడుపు, ఒకదాని మీద కోపం. నీకిప్పుడెలా ఉంది నాన్నా అని అడిగితే పిల్లాడు అట్ట చూపించాలి. మొదటిసారి వాడు ఏడుపు మొహం తీశాడు. గదిలో అందరూ గతుక్కుమన్నారు. అతిథులతో వచ్చిన కేంద్రం డైరెక్టరమ్మ గలగలా నవ్వేసి, సరిగ్గా చూడు బంగారం అంది. వాడు అందరి మొహాలూ చూసి నవ్వు మొహం తీశాడు. చప్పట్లే చప్పట్లు. టీచర్ వాడి వీపు తట్టి బిస్కెట్ ఇచ్చింది. తెలివైన పిల్లాడు, మళ్ళీ ఎప్పుడూ ఆ తప్పు చెయ్యలేదు.

ఇక్కడ కేంద్రం వారి ఇంకో తెలివి కూడా చెప్పుకోవాలి. అతిథులు ఎలాగూ వెళ్తున్నారు, ఆ ఇల్లు ఎలాగూ బాగుంది, మళ్ళీ వారం వారం టీచర్ వెళ్ళడం దేనికి, ఆ టైము అవసరమున్న వాళ్ళకిస్తే పుణ్యం కదా అని ఆలోచించి, అందరికంటే ముందు ఇస్త్రీ కొట్టుని మామూలు సందర్శనల్లోంచి తీసేశారు. దాంతో టీచర్ ఆ గుమ్మం తొక్కినప్పుడల్లా వెనక ఓ కారూ, పక్కన ఓ డైరెక్టరమ్మా, ఎదురుగా ఓ కెమెరా ఉండేవి. ఒంటరిగా వెళ్ళి, కాళ్ళు చాపుకుని కూర్చుని, ఏమ్మా ఎలా ఉన్నావు అని అడిగే పని లేకుండా పోయింది. వెలిగే దీపానికి నూనె ఎందుకనుకున్నారు కాబోలు.

పోస్టర్ బాబుకి పదహారేళ్ళొచ్చాయి. పొడుగ్గా, సన్నగా, మర్యాదగా తయారయ్యాడు. ఎదురుపడితే ఆగి నమస్కారం పెట్టేవాడు. స్కూల్లో ఒకసారి పిల్లల మనసులెలా ఉన్నాయో చూడ్డానికి ప్రశ్నల పరీక్షొకటి పెట్టారు. అందులో వాడికి క్లాసు ఫస్టు వచ్చింది. బెంగ లేకపోవడంలో ఫస్టు వచ్చినవాణ్ణి లోకంలో ఎవరైనా చూశారో లేదో తెలియదు, ఆ స్కూలు వాళ్ళు మాత్రం చూశారు. చూసి, ప్రేయర్‌లో చదివి వినిపించారు.

గిలక్కాయల టీచర్ భర్త మిక్సీలు రిపేరు చేస్తాడు. ఒకరోజు ఇస్త్రీకిచ్చిన ఆయన చొక్కా, వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో మాడిన మచ్చతో తిరిగొచ్చింది. ఆయన దాన్ని విప్పి వెలుతురుకి అడ్డం పట్టి, "మీ పోస్టర్ బాబు సంతకం పెట్టాడు చూడు" అన్నాడు.

టీచర్ వెనకేసుకొచ్చింది. స్కూలు నుంచి వచ్చి తల్లికి సాయం చేస్తున్నాడు, పాపం చిన్నవాడు, ఎప్పుడో ఒకటి మాడకుండా ఎలా ఉంటుందని ఆవిడ వాదన.

"మాడితే మాడింది. వాడు నిలబడే నిద్రపోతున్నాడు. రెండు మూడుసార్లు చూశాను. పిలిస్తే కళ్ళు తెరుస్తాడు గానీ, ఆ కళ్ళల్లో మనిషుండడు. ఓసారి వెళ్ళి చూసిరా."

ఆవిడ వెళ్ళింది. చాలా ఏళ్ళ తరవాత కారు లేకుండా వెళ్ళింది. ఇస్త్రీ కొట్టు అమ్మాయి బల్ల తుడిచి స్టూలు వేసింది. ఇప్పుడు అమ్మాయి అనకూడదు గానీ, ఊరికి అలవాటైపోయింది. కళ్ళ కింద నల్లటి వలయాలు, జుట్టులో సగం తెల్లబడింది. టీచర్ చొక్కా సంగతి ఎత్తగానే, వాడు తమ్ముడి వరసైన పిల్లలకి లెక్కలు చెప్తాడని, అబద్ధమాడడని, పెద్దలంటే గౌరవమని గబగబా మూడు మాటలు చెప్పి, ఆ తరవాత, కాస్త అలసిపోయాడంతే టీచర్‌గారూ అంది. టీచర్‌కి ఆ మూడు మాటల లెక్క తెలుసు. పిల్లల గురించి ఓ లోపం చెప్పేముందు మూడు మంచి మాటలు చెప్పాలని ఆ వీధులన్నిటికీ నూరిపోసింది తనే. ఆ పాఠం ఇంత బాగా వంటబట్టిందని సంతోషించాలో, తలుపు మొహం మీద వేసినట్టు ఉందని బాధపడాలో ఆవిడకి తెలియలేదు. లోపలి గదిలో కుర్రాడు పట్టపగలు బోర్లా పడుకుని ఉన్నాడు. పిలిచినా కదల్లేదు.

ఆవిడ నేరుగా డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్ళి అనుమానం చెప్పింది. వీడేదో మింగుతున్నాడు మేడమ్, ఇప్పుడే ఏదో ఒకటి చెయ్యకపోతే పిల్లాడు మనకి దక్కడు అంది. డైరెక్టరమ్మ చాలా బాధపడింది. ఎంత బాధపడిందంటే, టేబుల్ మీదున్న ఆహ్వానపత్రికలు పక్కకి జరిపి మరీ బాధపడింది. కేంద్రం వార్షికోత్సవం దగ్గర్లోనే ఉంది. పోస్టర్‌కి పక్కనే అదే తల్లి, అదే కొడుకు, ఇప్పటి ఫొటో పెద్దగా పెట్టాలి. అదే వేదిక మీద గిలక్కాయల టీచర్‌కి సన్మానం.

"మూడు వారాలేగా. ఫంక్షన్ అయ్యాక ఎంత పెద్ద డాక్టర్‌కైనా చూపిద్దాం. ఇప్పుడు బయటపడితే ఇన్నేళ్ళ మీ కష్టమే కదండీ బూడిదలో పోసినట్టయ్యేది?" అంది ఆవిడ. 'మీ కష్టం' అన్న మాట ఒత్తి పలికింది.

సిగ్గుచేటైన విషయమే, కానీ దాచడం దేనికి: టీచర్‌కి ఆ మాట తియ్యగానే తగిలింది. ఇరవై ఏళ్ళు ఎండలో తిరిగిన మనిషి. వేదిక మీద తన పేరు పిలుస్తారంటే చేదేమీ కాదు. అయినా మనసొప్పక, ఒక్కసారి ఆస్పత్రిలో చూపించి వస్తానని బతిమాలింది. గుట్టుగా వెళ్ళొచ్చేలా అయితే సరేనంది డైరెక్టరమ్మ.

పెద్దాస్పత్రిలో కుర్రకారు కోసమే ఓ విభాగం ఉంది. అక్కడి డాక్టర్ వయసులో చిన్నవాడు, నెమ్మదైనవాడు. కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అడగవలసినవన్నీ అడిగాడు. పోస్టర్ బాబు వెన్ను నిటారుగా పెట్టి, డాక్టర్ కళ్ళలోకి చూస్తూ జవాబులు చెప్పాడు. ఒక్కోసారి దిగులుగా ఉంటుందండీ, అప్పుడు దాన్ని గుర్తుపట్టి పేరు పెట్టుకుంటాను, ఊపిరి లోతుగా తీసుకుంటాను, అమ్మతో మాట్లాడతాను, మా అమ్మ నాకు పెద్ద బలం. డాక్టర్ నోరు తెరుచుకుని విన్నాడు. ఈ వయసులో మనసుని ఇంత చక్కగా మాటల్లో పెట్టే పిల్లాణ్ణి చూడలేదని, ఇంట్లో గొప్పగా పెంచారని మెచ్చుకుని పంపించేశాడు. ఆ మెచ్చుకోలు వింటుంటే టీచర్‌కి కడుపు నిండిపోయింది. తిరుగుబస్సులో వాడు కిటికీకి తల ఆనించి నోరు తెరిచి నిద్రపోతే, పాపం, చదువు ఒత్తిడి అనుకుంది. నమ్మాలని ఉన్న మనిషికి సాక్ష్యాలకేం కొదవ.

తరవాతి వారం ఇస్త్రీపెట్టె చొక్కా మీద కాదు, వాడి ఎడమ చేతి మీద ఆగింది. నిలబడి కునుకుతూ తన చేతి మీదే పెట్టుకున్నాడు. అంతకంటే భయంకరమైన సంగతి, మెలకువ రాలేదు. వాసనకి పక్క కొట్టు మెకానిక్ పరిగెత్తుకొచ్చి లాగేశాడు. అప్పటికి తోలు లేచిపోయింది. టీచర్ వెళ్ళేసరికి కట్టు కట్టేసి ఉంది. ఎలా ఉందిరా అంటే, బాగానే ఉంది టీచర్, పెద్ద నొప్పేం లేదు అని చిరునవ్వు నవ్వాడు. చెయ్యి కాలినవాడు నవ్వే నవ్వు కాదది. ఆ నవ్వు ఆవిడకి బాగా తెలుసు, అతిథుల కోసం ఉంచే నవ్వు.

ఆ మర్నాడే ఫొటో తీయించే రోజు పడింది. డైరెక్టరమ్మ కొట్టుకి కారులో వచ్చింది, వెంట ఫొటోగ్రాఫరు, కొత్త చీర ఒకటి, కొత్త చొక్కా ఒకటి. తల్లి చీర కట్టుకుని, మాట్లాడకుండా కొడుకు పక్కన నిలబడింది. కట్టు కనిపించకుండా చెయ్యి వెనక్కి పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాడు. తల కొంచెం పక్కకి వంచమన్నారు. వంచాడు. అప్పుడు వాడు చాలా వినయంగా, ఫొటోగ్రాఫర్ని కాదు, కెమెరా వెనక అలవాటుగా నిలబడ్డ గిలక్కాయల టీచర్ని అడిగాడు:

"ఏ మొహం పెట్టమంటారు టీచర్?"

వెటకారం కాదు. వాడికి వెటకారం రాదు. నిజంగానే అడిగాడు.

టీచర్ వెళ్ళి కెమెరాకి అడ్డంగా నిలబడింది. ఇవాళ ఫొటో లేదంది. డైరెక్టరమ్మ అదేమిటంది, ఆహ్వానపత్రికలు పంచేశామంది, నెమ్మదిగా మాట్లాడుకుందామంది, చివరికి సన్మానం సంగతి గుర్తుచేసింది. ఆ సన్మానమేదో మీరే చేయించుకోండి మేడమ్, మీకే బాగా నప్పుతుంది అంది టీచర్. ఇరవై ఏళ్ళలో ఆవిడ నోటివెంట అలాంటి మాట రావడం అదే మొదలు. కారు వెళ్ళిపోయింది. కొత్త చీర మాత్రం తల్లి ఒంటిమీదే ఉండిపోయింది, అడిగి విప్పించుకోవడానికి డైరెక్టరమ్మకి మొహం చెల్లలేదు.

ఇప్పుడేం చెయ్యాలి? ఆవిడకి తెలిసిన విద్యలన్నీ వాడికీ వచ్చు. కళ్ళలోకి చూస్తే వాడూ చూస్తాడు. మెచ్చుకుంటే నవ్వుతాడు. ఎలా ఉందంటే బాగుందంటాడు. ఆవిడ స్టూలు లాక్కుని, వాడికి వీపు తిప్పి, వీధి వైపు మొహం పెట్టి కూర్చుంది. బిడ్డతో మాట్లాడేటప్పుడు మొహంలో మొహం పెట్టాలని ఊరందరికీ చెప్పిన మనిషి, వచ్చే పోయే సైకిళ్ళని చూస్తూ, "నేనటు చూడను. నువ్వు ఏ మొహమైనా పెట్టుకో. చెప్తే చెప్పు, లేకపోతే ఊరుకో. నేను మాత్రం ఇక్కణ్ణించి లేవను" అంది.

తల్లి పనిలో పడిందో, పడినట్టు నటించిందో గానీ, చల్లారిన పెట్టెతోనే ఒక దుప్పటిని మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది. అప్పుడు వెనకనుంచి గొంతు వచ్చింది. ఇంతకు ముందెప్పుడూ వినని గొంతు, బొంగురుగా, విసుగ్గా. మాత్రలని చెప్పాడు. మొదట రెండు మూడు రోజులకొకటి, ఇప్పుడు లేస్తూనే కావాలట. దొరక్కపోతే ఒళ్ళంతా వణుకుతుందట. కొంటున్నావా అని టీచర్ అడిగింది. ఇప్పుడు స్కూలు వెనక సందులో కొంటున్నానన్నాడు.

"మొదట్లో కొనేవాణ్ణి కాదు. అమ్మ డబ్బాలోంచి తీసేవాణ్ణి. అమ్మకవి వేసుకుంటేనే గానీ నిద్ర పట్టదు. నేను పుట్టకముందు నించీ అనుకుంటా. అమ్మకి పని చేశాయి కదా, నాక్కూడా చేస్తాయనుకున్నాను. మీరెవరైనా వచ్చే ముందు రెండు వేసుకుంటే తేలిగ్గా ఉండేది టీచర్. నవ్వు దానంతటదే వచ్చేది."

దుప్పటి మీద పెట్టె ఆగిపోయింది. టీచర్ వెనక్కి తిరగలేదు, తిరగనని మాటిచ్చింది కాబట్టి. ఏడుపు మాత్రం ఆపుకోలేకపోయింది. సైకిల్ మీద వెళ్తున్న పాలవాడు ఆవిణ్ణి చూసి బ్రేకు వేసి, ఏమైంది అమ్మగారూ అన్నాడు. ఏం కాలేదు వెళ్ళవయ్యా అని కసిరింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ పెద్దాస్పత్రికి బస్సెక్కారు. ఫంక్షన్ ఆగలేదు లెండి. అలాంటివి ఆగవు. ఇంకో తల్లి, ఇంకో కొడుకు, బుగ్గలు సరిగ్గా అలాంటివే, దొరికారు. అదే పోస్టర్ పక్కన వాళ్ళ ఫొటో పెట్టారు. ఎవరూ తేడా కనిపెట్టలేదు. పిల్లలు పెద్దయితే మారిపోతారు కదా అనుకుని ఉంటారు.

ఆస్పత్రిలో మళ్ళీ ఆ డాక్టరే. వీణ్ణి చూడగానే గుర్తుపట్టి నవ్వాడు. మూడు కుర్చీలు వేయించాడు. ఎలా ఉన్నావోయ్ అని అడిగాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, కుర్రాడి వెన్ను నిటారైంది, పెదాలు విచ్చుకున్నాయి, మంచి జవాబొకటి సిద్ధమైపోయింది. టీచర్ కుర్చీలో ముందుకి జరిగింది. ఈసారి కూడా వీడు పాసైతే ఇంటికి పంపించేస్తారు, ఆ ఇంట్లో కాలుతున్న ఇస్త్రీపెట్టె ఉంది, మాత్రల డబ్బా ఉంది, మళ్ళీ ఇక్కడిదాకా తీసుకురావడం ఎవరివల్లా కాదు. ఆవిడ నోరు తెరిచేలోగా తల్లి కొడుకు మోకాలి మీద చెయ్యి వేసింది.

"వాణ్ణి తరవాత అడగండి డాక్టర్‌గారూ. ముందు నేను చెప్తాను. నాకు బాగాలేదు." ఆ మాటనడానికి చాలా కష్టపడింది. "ఎప్పట్నుంచో బాగాలేదు."

కుర్రాడు తల్లి వైపు చూశాడు. చూస్తూ ఉండగానే వాడి మొహం మీదున్న నవ్వు జారిపోయి, ముక్కు ఎర్రబడి, కింది పెదవి వణికి, చిన్నపిల్లల ఏడుపు ఏడ్చాడు. నాక్కూడా బాలేదమ్మా అన్నాడు. అందులో చక్కటి మాట ఒక్కటి లేదు. డాక్టర్ కలం కింద పెట్టేశాడు. మాత్రల సంగతంతా విన్నాక, ఈ మందులు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని, ఇక్కడే ఉంచి మెల్లగా తగ్గిస్తామని, ఇద్దరికీ వైద్యం కావాలని చెప్పాడు. కుర్రాడికి ఆ రోజే మంచం ఇచ్చారు.

వాణ్ణి నర్సు లోపలికి తీసుకెళ్ళాక, ఎప్పట్నుంచమ్మా ఇలా ఉంది అని డాక్టర్ తల్లిని అడిగాడు. వాడు పుట్టిన కొత్తల్లో మొదలైందని చెప్పింది. నిద్ర పట్టేది కాదు, ఊరికే ఏడుపొచ్చేది, బిడ్డని ఎత్తుకుంటే ఎక్కడ జారవిడుస్తానో అని చేతులు వణికేవి. లారీ ఊళ్ళో ఉండేది కాదు. పక్కింటావిడ ఎవరో ఆ మాత్రలు అలవాటు చేసింది. అవి వేసుకుంటే పొద్దున్నే లేచి బల్ల దగ్గర నిలబడగలిగేది.

గిలక్కాయల టీచర్ మూడో కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది. ఆ కొత్తల్లో ఆ ఇంట్లో చాప మీద ఎవరు కూర్చునేవారో ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

"మరి అప్పట్లో మీ ఇంటికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదా?" అన్నాడు డాక్టర్.

"ఎందుకు రారూ, వారం వారం వచ్చేవారు" అంది తల్లి. ఆవిడ టీచర్ వైపు చూడలేదు, గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "బాబుని చూసి వెళ్ళేవారు."